కరువు కూలి కట్టిన మెదక్ చర్చి

హైదరాబాద్ పాతబస్తీలో బాగా పాత క్రైస్తవ ఆనవాళ్లు ఎక్కడున్నాయని అడిగితే ఉప్పుగూడ వైపు చూపించాలి. గోల్కొండ సుల్తానుల కాలంలో వ్యాపారానికి వచ్చిన ఆర్మేనియన్ల సమాధులు అక్కడున్నాయి. వాటిలో 17వ శతాబ్దం నాటివీ ఉన్నాయి. కానీ అక్కడ చూడటానికి మిగిలినవి సమాధులే. చర్చికి వెళ్లి మొక్కు తీర్చుకోవాలంటే హైదరాబాద్ వాళ్లకు మొదట గుర్తొచ్చేది సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని మెదక్.

వయసు లెక్కన అది మరీ పాతదేమీ కాదు. 2024 డిసెంబరు 25న వందేళ్లు నిండాయి. 1591 నాటి చార్మినార్ పక్కన పెట్టి చూస్తే నిన్నమొన్నటి కట్టడమే. అయినా దాని కథ ఇప్పటికీ ఇంటింటా చెప్పుకుంటారంటే కారణం, అది కట్టిన తీరు.

చార్లెస్ వాకర్ పాస్నెట్ 1895లో మనదేశానికి వచ్చిన వెస్లియన్ మెథడిస్టు పాదిరి. మొదట సికింద్రాబాద్‌లో బ్రిటిష్ సైనికుల మధ్య పనిచేశాడు. అది నచ్చక పల్లెల బాట పట్టి మెదక్ చేరాడు. అక్కడ మిషన్ వైపు వచ్చిన వాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల వాళ్లు, రెక్కాడితే గానీ డొక్కాడని వాళ్లు. 1914లో పెద్ద చర్చి పని మొదలైంది. అదే ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది, ఆపైన కరువు కమ్మింది. ఊరికే తిండి పెడితే అది దానం అవుతుంది, ఇవాళ తిన్నవాడు రేపు మళ్లీ చెయ్యి చాచాలి. పని ఇస్తే కూలి అవుతుంది. పాస్నెట్ రెండోది ఎంచుకున్నాడు. రాయి చెక్కినవాళ్లకూ, మట్టి తట్టలు మోసినవాళ్లకూ ఆ పూట గింజలు దొరికాయి. ఇవాళ మనం పనికి ఆహార పథకం అంటున్నదాన్ని ఆ రోజుల్లో మెదక్ అలా చూసింది. పదేళ్లు సాగిన పని 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠతో ముగిసింది.

ఈ చర్చి చుట్టూ రెండు మాటలు తిరుగుతుంటాయి. ఒకటి, వాటికన్ తర్వాత ఇదే పెద్దదని. ఈ పోలిక నిలవదు. వాటికన్ కేథలిక్కులది, మెదక్ వాళ్లు ప్రొటెస్టెంట్లు, పోప్‌తో సంబంధం లేదు. పైగా పెద్దదని చెప్పేది కొందరు భవనాన్ని చూసి, కొందరు డయాసిస్‌ను, అంటే ఒక బిషప్ కింద ఉండే సంఘాల పరిధిని చూసి. రెండూ కలిపేస్తే లెక్క తప్పుతుంది.

ఈ చర్చికున్న కెథడ్రల్ అన్న పేరు సంగతీ తెలుసుకోవాలి. బిషప్ పీఠం ఉన్న చర్చినే అలా అంటారు. దీన్ని కట్టిన బ్రిటిష్ మెథడిస్టులకు అసలు బిషప్పులే లేరు. 1947 సెప్టెంబరు 27న మద్రాసులో మెథడిస్టులు, ఆంగ్లికన్లు, మరికొన్ని సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘంగా (సీఎస్ఐ) ఏర్పడ్డాయి. మెదక్‌కు బిషప్ వచ్చింది అప్పుడే.

ఇక చర్చి చుట్టూ తిరిగే రెండో మాట చార్మినార్ గురించి. దానికన్నా ఎత్తు కడుతున్నారని నిజాం కొలువులో గొడవైందని పెద్దలు చెబుతారు. అది జనం నోట ఉన్న కథ. గోపురం ఎత్తు మాత్రం 175 అడుగులు. చర్చి పొడవు 200 అడుగులు, వెడల్పు 100 అడుగులు.

వెళ్లాలంటే సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండు నుంచి బస్సులున్నాయి. 2022లో అక్కన్నపేట-మెదక్ లైను తెరిచాక కాచిగూడ నుంచి రైలూ వచ్చింది. రద్దీ వద్దనుకుంటే క్రిస్మస్, గుడ్ ఫ్రైడే రోజులు తప్పించండి. జాతరంత జనాన్ని చూడాలనుకుంటే ఆ రోజుల్లోనే పోవాలి. దగ్గర్లోని ఏడుపాయల వనదుర్గమ్మకు దండం పెట్టుకుని, అదే పూట చర్చికీ వచ్చిపోయే కుటుంబాలు ఉన్నాయి.

గోపురం ఎలాగూ కంటపడుతుంది. లోపలికి వెళ్లాక కాస్త కిందికి చూడండి. రంగురంగుల పలకలు బ్రిటన్ నుంచి ఓడల మీద వచ్చినవి. తర్వాత రంగు అద్దాల కిటికీల దగ్గర ఆగండి. మూడింటిలో మూడు ఘట్టాలు: క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడు గీసిన బొమ్మలవి. ఆరోహణం 1927లో, పుట్టుక 1947లో, సిలువ 1958లో అమర్చారు. అంటే ప్రతిష్ఠ జరిగాక కూడా పని 34 ఏళ్లు నడిచిందన్నమాట.

ఈ కిటికీల్ని బయటినుంచి చూస్తే నల్లటి గీతలు, మసక గాజు తప్ప ఏమీ తెలియదు. లోపల నిలబడితే ఎండ గాజులోంచి దిగి, ఎరుపూ నీలమూ వెలిగి, బొమ్మ లేచి వస్తుంది. పొద్దు వాలాక లోపల దీపాలెన్ని పెట్టినా ఆ బొమ్మ కనబడదు. కాబట్టి బస్సు ఎప్పుడెక్కినా, ఎండ ఉండగానే మెదక్ చేరండి.