ఉద్దానం తీరానికి ఆర్గానిక్ సౌరఘటాలు: ప్రయోగశాల నుండి పొలానికి గల దూరం

‘ఆర్గానిక్’ అనగానే వ్యవసాయ విద్యార్థికి సేంద్రియ సేద్యం స్ఫురిస్తుంది. సౌరఘటాల విషయంలో ఈ పదానికి కర్బన సమ్మేళనాలతో తయారైనదని అర్థం. సిలికాన్ ఘటంలోని పలక మందం సుమారు 150 మైక్రాన్లు కాగా, ఆర్గానిక్ ఘటంలో కాంతిని గ్రహించే పొర మందం దాదాపు 0.1 మైక్రాను మాత్రమే. ఈ పదార్థాన్ని సిరా వలె ద్రావణంగా మార్చి ప్లాస్టిక్ పొరపై ముద్రించవచ్చు. తేలికదనం, వంగే గుణం, పాక్షిక పారదర్శకత దీని ప్రత్యేకతలు. అయినను ఇది రైతు పొలానికి ఎందుకు చేరలేదు?

1986లో కొడాక్ సంస్థ శాస్త్రవేత్త చింగ్ టాంగ్ ప్రకటించిన రెండు పొరల ఘటం సామర్థ్యం సుమారు 1 శాతం. 2019లో చైనా పరిశోధకులు వై6 అను కొత్త గ్రాహక అణువుతో 15.7 శాతం సాధించారు. అటుపిమ్మట ప్రయోగశాలలలో ఇది 20 శాతం వరకు చేరినది. కనుక నేటి ప్రధాన సమస్య సామర్థ్యం కాదు. విస్తీర్ణం, మన్నిక, వ్యయం.

మొదటిది విస్తీర్ణం. రికార్డు ఘటాలు చాలావరకు ఒక చదరపు సెంటీమీటరు కన్నా చిన్నవి. పెద్ద పలకపై పొర మందం అంతటా సమానంగా ఉండదు. విద్యుత్ నిరోధం వలన నష్టం పెరుగుతుంది. మూడు కిలోవాట్ల పంపుసెట్టుకు 20 శాతం సామర్థ్యం గల పలకలు 15 చదరపు మీటర్లు చాలును. 10 శాతమైతే 30 చదరపు మీటర్లు కావలెను. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపంలో తీరం దాటి కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చినది. అట్టి ప్రాంతంలో విస్తీర్ణం రెట్టింపైతే గాలి తాకిడి కూడా దాదాపు రెట్టింపగును.

రెండవది మన్నిక. కాంతి వలన ఏర్పడే ఎలక్ట్రాన్-రంధ్రాల జంట సుమారు 10 నానోమీటర్ల దూరంలోనే విడిపోవలెను. అందుకే దాత, గ్రాహక పదార్థాలను అతిసూక్ష్మంగా కలుపుతారు. వేడికి ఈ మిశ్రమం క్రమంగా వేరుపడుతుంది. ఆక్సిజన్, తేమ, అతినీలలోహిత కిరణాలు అణువులను, ఎలక్ట్రోడులను క్షీణింపజేస్తాయి. పలాస జీడిపప్పు మెత్తబడకుండా గాలి చొరని ప్యాకింగు చేయుట పాఠకులకు తెలిసినదే. ఈ ఘటాలకు ఆహారపు ప్యాకింగు కన్నా వందల రెట్లు మెరుగైన తేమ నిరోధక పొర అవసరం. ఆ పొర వ్యయం చౌక ముద్రణ వలన కలిగే లాభాన్ని హరిస్తుంది. సంతబొమ్మాళి మండలం మూలపేట వంటి తీర గ్రామాలలో ఉప్పు గాలి తోడై లోహపు అతుకులను తినివేయగలదు.

మూడవది వ్యయం. క్లోరోఫాం, క్లోరోబెంజీన్ వంటి హానికర ద్రావణులకు బదులు సురక్షితమైనవి కావలెను. క్లిష్టమైన అణువుల తయారీ ఖరీదైనది. ఈ రంగంలో అగ్రగామిగా నిలిచిన అమెరికా సంస్థ కొనార్కా 2012లో దివాలా తీసినది. మరోవైపు సిలికాన్ పలకలు 25 ఏళ్ల హామీతో చౌకగా లభిస్తున్నవి.

కావున నేడు పంపుసెట్లకు, ఆరబెట్టు యంత్రాలకు సిలికాన్ పలకలనే సూచించుట ఉచితం. మొక్కలకు అవసరమైన ఎరుపు, నీలి కాంతిని కొంతవరకు పోనిచ్చే ఆర్గానిక్ పొరలను షేడ్‌నెట్లు, నర్సరీల పైకప్పుగా పరీక్షించవచ్చు. ఎవరైనా వీటిని రైతుకు అమ్మజూపినచో విస్తరణ శాస్త్రవేత్త మూడు ప్రశ్నలు అడగవలెను: ఎంత విస్తీర్ణంలో ఆ సామర్థ్యం లభించినది? 85 డిగ్రీల సెల్సియస్ వేడి, 85 శాతం తేమలో 1000 గంటల పరీక్షకు నిలిచినదా? ఉప్పు గాలి పరీక్ష జరిగినదా? తుపానుతో తోట కోల్పోయిన రైతుకు మరో నష్టం కలుగకుండా కాపాడగలిగేవి ఈ ప్రశ్నలే.