దసరానాటికి బాలబాలికలు నేర్చినదేమి?

మృగశిర కార్తెతోపాటు మన ప్రాథమిక పాఠశాలలును తెఱవబడుచున్నవి. జూన్ మాసము మొదలు దసరా సెలవుల వఱకు గడచు కాలము బడియేటిలో మొదటి భాగము. ఈ భాగము ముగియునప్పటికి తలిదండ్రులు సాధారణముగా అడుగు ప్రశ్నలు రెండు. ఎన్ని పాఠములైనవి? ఎన్ని మార్కులు వచ్చినవి? ఈ రెండింటికిని సమాధానము సులభముగనే లభించును. కాని ముఖ్యముగా అడుగవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. ఈ నాలుగు మాసములలో మా బిడ్డకు క్రొత్తగా ఏమి చేతనయ్యెను? పాఠము జరుగుట వేఱు, విద్య అబ్బుట వేఱు. ఈ భేదమును గుర్తింపనిచో ప్రజలు వెచ్చించు ధనమును, పసివారు వెచ్చించు ప్రాయమును గూడ వ్యర్థములగును.

మన పూర్వపు వీధిబడులలో ఈ ప్రశ్నకు సమాధానము దాగియుండెడిది కాదు. 1822లో మద్రాసు గవర్నరు సర్ తామస్ మన్రో, బడుల లెక్కలు పంపవలసినదని జిల్లా కలెక్టర్లను కోరెను. అందులకు బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగష్టులో వ్రాసిన నివేదిక మిక్కిలి వివరమైనది. ఈయన 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించినవాడు. కావున మన బడులను అన్యునివలె గాక భాష యెఱిగినవానివలె చూచెను. ఆ జిల్లాలో అప్పుడు 533 బడులును, 6,641 మంది విద్యార్థులును ఉండిరి. బడులలో 235 కన్నడమునకును, 226 తెలుగునకును చెందినవి. అయిదవ యేట విఘ్నేశ్వర పూజ చేసి బాలునిచేత బియ్యములో అక్షరములు దిద్దింతురు. పిమ్మట ఇసుకలో వ్రేలితో వ్రాయింతురు. ఎక్కములు, కూడిక, తీసివేత, కొలతలు, ఉత్తరములను చదువుట, వ్రాయుట, ఇవియే చదువు. పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు నేర్పుదురు. మద్రాసులో ఈ పద్ధతిని చూచిన ఆండ్రూ బెల్ 1797లో దానిని గూర్చి ఒక గ్రంథమును ప్రకటింపగా, అది ఇంగ్లండు బడులకును వ్యాపించెను.

పూర్వపు బడులను గూర్చి పొగడ్తతోనే తృప్తిపడుట న్యాయము గాదు. జిల్లా జనసంఖ్య తొమ్మిది లక్షలకు మించియుండగా బడికి పోవువారు ఏడువేలకు లోపుగనే యుండిరి. ఆడుపిల్లలు నామమాత్రముగనే యుండిరి. పద్యములను కంఠస్థము చేయుటయే గాని వాని భావము బాలురకు తెలియదని క్యాంబెల్ స్పష్టముగా వ్రాసెను. దోషములిన్ని యున్నను ఆ బడికి ఒక గుణము కలదు. నేర్చినదానిని ఊరిలోని వారెవ్వరైనను పరీక్షింపగలిగియుండిరి. ఉత్తరమును చేతికిచ్చి చదువుమనవచ్చును. పద్దును చెప్పి కూడుమనవచ్చును. దసరా వచ్చినప్పుడు అయ్యవారు పిల్లలను వెంటబెట్టుకొని యింటింటికిని తిరిగి పద్యములు చదివించెడివారు. గృహస్థులు అయ్యవారికి కట్నమును, పిల్లలకు పప్పుబెల్లములను ఇచ్చెడివారు. అది వేడుకయే కాదు, బడి ఊరికి ఒప్పజెప్పు లెక్కయును.

అర్థము తెలియని వల్లింపు అను దోషమునకు చికిత్స వెదకినవారిలో గాంధీమహాత్ముడు ముఖ్యుడు. 1937 అక్టోబరులో వార్ధాలో జరిగిన విద్యాసభయు, పిమ్మట జాకీర్ హుస్సేన్ అధ్యక్షతను ఏర్పడిన సంఘమును మాతృభాషలో ఏడేండ్ల ఉచిత నిర్బంధ విద్యను ప్రతిపాదించినవి. దినమునకు అయిదున్నర గంటల బడిలో మూడు గంటల ఇరువది నిమిషములు చేతిపనికే కేటాయింపబడెను. నూలు వడకుట పనియు అగును, లెక్కయు అగును, ప్రత్తి పుట్టుపూర్వోత్తరముల వలన భూగోళమును చరిత్రయు అగును. ఆ ప్రణాళిక దేశమున నిలువలేదు. కాని విషయములు పుస్తకములలోనే వేఱు వేఱు, బాలుని బుద్ధిలో వేఱు గావు అను దాని మూలసూత్రము నేటికిని చెల్లుచున్నది.

ఇక నేటి బడిని చూతము. 2009లో శాసనమై 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోనికి వచ్చిన విద్యాహక్కు చట్టము, ఒకటి నుండి అయిదవ తరగతి వఱకు ఏడాదికి 200 పనిదినములను, 800 బోధనగంటలను నిర్ణయించినది. సగము ఏటికి సుమారు 400 గంటలు. మొదటి రెండు తరగతులలో తెలుగు, లెక్కలు, ఇంగ్లీషు. మూడవ తరగతినుండి పరిసరాల విజ్ఞానము వానితో చేరును. వీనితోడనే ఆటలు, పాటలు, చిత్రలేఖనము. ఈ 400 గంటలలో జరుగదగినదెంత?

మొదట తెలుగు. అక్షరమాలను ఒప్పజెప్పుటతో చదువు వచ్చినదని అనేకులు భ్రమపడుదురు. మన లిపిలోని కష్టము అక్షరములందు కంటె గుణింతములందును, ఒత్తులందును కలదు. పలు, పాలు, పూలు అను మూడు మాటలకు భేదము ఒక్క గుణింతపు గుర్తే. గదకును గద్దకును భేదము ఒక్క ఒత్తే. ఈ గుర్తులను కంటితో చూచి, చెవితో విని, నోటితో పలికి, చేతితో వ్రాసినగాని బాలునకు చదువు స్వాధీనము కాదు. పుస్తకములోని పాఠమును గడగడ చదువుట దీనికి నిదర్శనము గాదు. పలుమాఱులు విన్న పాఠమును బాలుడు పుటను చూడకయే చెప్పగలడు. ఎన్నడును చూడని పుటను తెఱచి నాలుగు వాక్యములు చదివించి, అందేమున్నదో తన మాటలలో చెప్పించినప్పుడే నిజము బయటపడును.

లెక్కలయందును ఇట్టిదే. మన భాషలో ఇరువది అయిదు అనునప్పుడు పదులు ముందును, ఒకట్లు వెనుకను వచ్చును. అంకెలను వ్రాయు క్రమమును అదియే. స్థానవిలువను బోధింప దలచిన ఉపాధ్యాయునకు ఇది భాష యిచ్చిన సాయము. పుల్లలను పదేసి కట్టలుగా కట్టి, విడిపుల్లలతో చేర్చి లెక్కింపజేసినచో అది బాలుని మనసున నాటుకొనును. 245 కొబ్బరికాయలలో 168 అమ్మగా మిగిలినవెన్ని యని మూడవ తరగతి బాలుని అడుగుడు. 77 అని చెప్పినచో సరియే. 123 అని చెప్పినచో కోపపడవలదు. అది ఊరక పుట్టిన తప్పు గాదు. ప్రతి స్థానమునను పెద్ద అంకెలోనుండి చిన్న అంకెను తీసివేసెను. పదిని విప్పి ఒకట్లలో కలుపుట అతనికి తెలియలేదు. తప్పును చదువగల ఉపాధ్యాయునకు ఆ 123 వైద్యునికి నాడివంటిది. తప్పుగుర్తు పెట్టి తరువాతి లెక్కకు పోవువానికి అది ఒక మార్కు నష్టము మాత్రమే.

ఒకప్పటి బాలురు వీసము, పరక, పాతిక, అర, ముప్పాతికల లెక్కలను కంఠస్థము చేసిరి. 1957 ఏప్రిల్ 1న దశాంశ నాణెములు వచ్చుటతోను, పిమ్మట మెట్రిక్ తూనికలును కొలతలును అమలగుటతోను ఆ యెక్కముల యవసరము తీరిపోయెను. అయినను అర, పాతిక అను మాటలు నేటికిని అంగడిలో వినబడుచునే యున్నవి. పాతిక కిలో యనగా 250 గ్రాములని తెలిసిన బాలునకు భిన్నములు పరదేశపు విద్య కానేరవు.

పరిసరాల విజ్ఞానమునకు ఈ మొదటి భాగముకంటె మంచి కాలము లేదు. బడి తెఱచునప్పుడు మృగశిర, మూయునప్పుడు హస్త. నడుమ నైరుతి ఋతుపవనము, నారుమళ్లు, నాట్లు, కలుపుతీతలు, చెఱువు నిండుట. బడి ముంగిట నిలువుగోడలు గల గాజుపాత్రనొకదానిని ఉంచి, వాన వెలిసిన పిమ్మట నీటి యెత్తును బాలురచేత కొలిపింపుడు. వారమునకొక పట్టిక వ్రాసిన అది లెక్క. చిత్రముగా గీసిన అది చిత్రలేఖనము. వాన కురిసిన దినమును నాలుగు వాక్యములలో వర్ణించిన అది తెలుగు. చెఱువునకు నీరెటనుండి వచ్చినదని అడిగిన అది భూగోళము. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు వాన ఒక లీటరు నీరగును. కావున 50 చదరపు మీటర్ల బడికప్పుపై 20 మిల్లీమీటర్ల వాన కురిసినచో 1,000 లీటర్లు జాఱిపోవుచున్నవని అయిదవ తరగతి బాలుడు తానే కనుగొనగలడు. ఆ బాలుడు రేపు రైతైనను, ఇంజనీరైనను ఈ లెక్కను మఱువడు. దీనికి కావలసిన పరికరము ఒక గాజుపాత్రయు, ఒక కొలబద్దయు మాత్రమే.

ఇది కాదగినది. అగుచున్నదేమి? గ్రామీణ బాలుర చదువును పరీక్షించు అసర్ నివేదిక ప్రకారము, దేశమున మూడవ తరగతి బాలబాలికలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు 2022లో నూటికి 20.5, 2024లో 27.1. తీసివేత లెక్కను చేయగలవారు 2024లో నూటికి 33.7. రెండేండ్లలో కొంత మెఱుగుదల కలదు, సంతోషింపదగినదే. కాని నలుగురిలో సుమారు ముగ్గురు వెనుకబడియుండగా పాఠము మాత్రము ముందునకు సాగిపోవుచున్నది. మూడవ తరగతి వఱకు బాలుడు చదువుట నేర్చును. అటుపిమ్మట చదివి నేర్చును. పరిసరాల విజ్ఞానమును పుస్తకమునుండియే చదువవలెను. లెక్కలో ప్రశ్నను గూడ చదువవలెను. చదువరానివానికి ఒక్క తెలుగుతోనే గాక అన్ని విషయములతోను తలుపులు మూయబడును. ఈ భయముచేతనే కేంద్రప్రభుత్వము 2021 జూలై 5న నిపుణ్ భారత్ అను ఉద్యమమును ప్రారంభించి, 2026-27 నాటికి ప్రతి బాలునకును మూడవ తరగతి ముగియులోపల చదువును లెక్కయును రావలెనని లక్ష్యముగా పెట్టుకొనెను.

దోషమునంతయు ఉపాధ్యాయునిపై మోపుట అన్యాయము. ఒక్క గదిలో రెండు మూడు తరగతులను కూర్చుండబెట్టి నేర్పవలసిన బడులు పెక్కు కలవు. చట్టము నిర్ణయించినది 30 మందికి ఒక ఉపాధ్యాయుడు; కాని ఆ 30 మంది అయిదు తరగతులవారైనప్పుడు అతని కష్టము ఊహింపదగును. అట్టిచోట పాఠ్యక్రమమును పూర్తిచేయుమని పైనుండి తొందరపెట్టుటకంటె, చదువు రాని పిల్లలను గుర్తించి వారికి దినమునకొక గంట ప్రత్యేకముగా ఇచ్చుటకు అతనికి స్వేచ్ఛ నిచ్చుట మేలు. ఇక ఇంగ్లీషును గూర్చి వివాదము. దానిని నేర్పవలెననుటలో భిన్నాభిప్రాయము లేదు. కాని ఇంటిభాషలో వాక్యార్థమును గ్రహింప నేర్వని బాలుడు పరభాషలో గ్రహించుననుట, పునాది లేక మేడ నిలుచుననుట వంటిది.

మన చదువరులలో పెక్కుమంది బిడ్డలు ఊరిబడిలో లేకపోవచ్చును. అయినను ఊరిబడి మనది కాదనుటకు వీలులేదు. అందు చదువు బిడ్డలే రేపు మన పొలములలోను, అంగళ్లలోను, పంచాయతీలలోను మనతో పనిచేయవలసినవారు. విద్యాహక్కు చట్టము ప్రభుత్వపు బడికి ఒక యాజమాన్య సంఘమును విధించినది. సభ్యులలో నూటికి 75 మంది తలిదండ్రులు లేక సంరక్షకులు, సగమునకు తక్కువ గాకుండ స్త్రీలు. ఆ సంఘములు సున్నముకును, తలుపులకును సంబంధించిన చర్చలతోనే కాలక్షేపము చేయరాదు. చదువునే విచారింపవలెను.

ఇందులకు పెద్ద యేర్పాట్లక్కఱలేదు. దసరా సెలవులకు ముందు ఒక సాయంకాలము బడి ముంగిట ఊరివారు చేరుదురు గాక. మార్కుల పట్టికలను ప్రక్కనబెట్టి మూడు పరీక్షలు చేయుదురు గాక. చూడని పుటను చదివి భావము చెప్పుట. పదిని విప్పవలసిన తీసివేత నొకదానిని చేసి కారణమును వివరించుట. తమ ఊరి వానను గూర్చియో, చెఱువును గూర్చియో నాలుగు వాక్యములు స్వయముగా వ్రాయుట. రానివారిని నలుగురిలో చిన్నబుచ్చరాదు. వారి సంఖ్యను గుర్తించి, సంక్రాంతి నాటికి అందెంత తగ్గినదో మరల విచారింపవలెను. పూర్వము అయ్యవారు పిల్లలను మన గుమ్మములకు తెచ్చి చదివించెను. నేడు మనమే బడిగుమ్మమునకు పోయి వినవలసియున్నది.