ట్రక్కు టైర్లు: అరిగినవేవి, ముదిసినవేవి?

ఇనుపపట్టా వేసిన బండిచక్రము చెడునపుడు ముందుగానే తెలియజేయును. పట్టా వదులైనచో మ్రోయును. ఆకులు కదలినచో చక్రము వంకరగా నడచును. రైతు దానిని గమనించి వడ్రంగికో కమ్మరికో చూపించును. ట్రాక్టరు వెనుక కట్టు ట్రక్కుయొక్క రబ్బరు టైరునకు ఈ గుణము లేదు. అది పైకి నల్లగా, నిండుగా కనబడుచునే లోన చెడిపోవచ్చును. నిండు బరువుతో కాలువగట్టుమీద పోవుచున్నపుడు అకస్మాత్తుగా ప్రేలినచో ట్రక్కు ఒక ప్రక్కకు ఒరగును. ధాన్యము నీటిపాలగుటయే కాక, ప్రక్కనున్నవారి ప్రాణములకును ముప్పు కలుగును. కావున టైరును ఎప్పుడు మార్చవలెనో, ఎట్టిదానిని కొనవలెనో ప్రతి రైతును తెలిసికొనుట యవసరము.

అరుగుట వేరు, ముదియుట వేరు

లారీ టైరు నిత్యము తిరుగుచుండును గావున అరిగి చెడును. మన ట్రక్కు అట్లు కాదు. కోతలకాలమున రాత్రింబవళ్లు తిరుగును. తరువాత నెలల తరబడి చెట్టుక్రిందనో దొడ్డిలోనో ఒకేచోట నిలిచియుండును. ఇట్టి టైరు అరుగుటకు ముందే ముదియును.

దీనికి కారణమిది. ఎండయు, గాలిలోని ప్రాణవాయువును, ఓజోనును రబ్బరును పెళుసు చేయును. దీనిని నివారించుటకు తయారీదారులు రబ్బరులో ఒక విధమైన మైనమును కలుపుదురు. టైరు తిరుగుచు నొక్కుకొనుచున్నంతకాలము ఆ మైనము కొంచెము కొంచెముగా పైకి వచ్చి పూతవలె కాపాడును. నిలిచియున్న టైరులో ఇది సరిగా జరుగదు. అందుచేత ప్రక్కభాగమున సన్నని బీటలు పుట్టును. కావున “బటను ఇంకను మిగిలియున్నది గదా” యను మాటతో తృప్తిపడరాదు.

టైరు వయసును తెలిసికొనుట సులభము. ప్రక్కభాగముపై నాలుగంకెలు ముద్రింపబడియుండును. మొదటి రెండు తయారైన వారమును, చివరి రెండు సంవత్సరమును తెలుపును. ఉదాహరణకు 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరము 23వ వారమున తయారైనదని యర్థము. మూడంకెలు మాత్రమే యున్నచో అది 2000 సంవత్సరమునకు ముందటిది. దానిని గూర్చి ఆలోచింప పనిలేదు, తీసివేయవలెను. ఐదేండ్లు దాటిన టైరును ఏటేట పరీక్షింపవలెననియు, పదేండ్లు నిండినదానిని చూపునకు బాగున్నను మార్చవలెననియు పలువురు తయారీదారులు చెప్పుదురు.

పరీక్షించు విధము

కోతలకు నెల ముందుగా టైర్లను కడిగి, వెలుతురులో చుట్టును త్రిప్పి చూడవలెను. చాల టైర్లలో బటను గట్ల నడుమ చిన్న రబ్బరు అడ్డుకట్టలుండును. గట్లు అరిగి వానితో సమమైనచో టైరు పని తీరినట్లే. మోటారు బండ్లలో ఈ హద్దు సాధారణముగా 1.6 మిల్లీమీటర్లు. బురదదారిలో నడచు ట్రక్కునకు అంతవరకు ఆగక ముందే మార్చుట మేలు.

అరిగిన తీరును బట్టి కారణము కూడ తెలియును. రెండంచులును అరిగి నడుమ మిగిలినచో గాలి చాలదని గ్రహింపవలెను. నడుమ మాత్రమే అరిగినచో గాలి ఎక్కువ. ఒక్క అంచే అరిగినచో ఇరుసు వంగియుండవచ్చును. అక్కడక్కడ గుంటలుగా అరిగినచో బేరింగులు వదులైయుండవచ్చును. కారణమును సరిచేయక క్రొత్త టైరు వేసినచో అదియు అట్లే పాడగును.

ప్రక్కభాగమున ఉబ్బు కనబడినను, బీటలలో నూలుపోగులు కనబడినను, రిమ్ములో కూర్చుండు అంచుతీగ బయటపడినను ఆ టైరును వెంటనే తీసివేయవలెను. ఉబ్బు అనగా లోపలి పోగులు తెగినవని యర్థము. దానికి మందు లేదు.

గాలియే ప్రాణము

టైరు ప్రేలుటకు ముఖ్యకారణములలో మొదటిది తక్కువ గాలి, రెండవది మితిమీరిన బరువు. గాలి తగ్గినపుడు టైరు ప్రక్కలు అధికముగా వంగుచు లేచుచు వేడెక్కును. ఆ వేడిచే పొరలు విడిపోవును. కాలితో తన్ని చూచి గాలి చాలునని తలచుట పొరపాటు. గాలిని కొలుచు మీటరుతో, బండి తిరుగక ముందు, టైరు చల్లగా నున్నపుడు కొలువవలెను. తిరిగి వచ్చిన టైరులో వేడివలన గాలి యెక్కువగా కనబడును. దానిని చూచి గాలి తీయరాదు. 80 పౌండ్లుండవలసిన టైరులో ప్రతి 10 డిగ్రీల వేడికి సుమారు 3 పౌండ్లు హెచ్చుట సహజము.

కొనునపుడు

పాత టైరు మీది యంకెలను వ్రాసికొని దుకాణమునకు పోవలెను. 9.00-16 అని యున్నచో టైరు వెడల్పు సుమారు 9 అంగుళములు, రిమ్ము అడ్డుకొలత 16 అంగుళములు. దాని తరువాత పి.ఆర్. అను అక్షరములతో నుండు అంకె టైరు బలమును తెలుపునదే గాని, పొరల లెక్క కాదు. ధర తక్కువయని ఈ అంకె తక్కువగా నున్నదానిని కొనరాదు. ఒక టైరు ఎంత బరువు మోయగలదో సాధారణముగా దానిపైననే యుండును. ఖాళీ ట్రక్కు బరువును, సరకు బరువును కలిపి లెక్కించి, కొంత యెక్కువ మోయగల టైరునే తీసికొనవలెను.

ఒకే ఇరుసుమీద ఒక క్రొత్తదియు ఒక అరిగినదియు ఉండరాదు. ఎత్తు తేడావలన ట్రక్కు ఒక ప్రక్కకు వాలి, పల్లపు ప్రక్కనున్న టైరుపై భారము పెరుగును. నాలుగును కొనుటకు శక్తి లేనివారు ఒక ఇరుసునకు రెండైన జతగా మార్చవలెను. తీసినవానిలో మంచిదానిని అదనపు టైరుగా ఉంచుకొనవచ్చును.

ట్యూబు టైరైనచో క్రొత్త టైరుతోపాటు ట్యూబును, ఫ్లాపును కూడ మార్చుట మేలు. పాత ట్యూబు సాగియుండును. క్రొత్త టైరులో మడతపడి ఆ మడతవద్దనే చిరుగును. రీబటన్ టైర్లు చెడ్డవి కావు. అయితే లోపలి పోగులు చెక్కుచెదరనిదానికే రీబటన్ చేయింపవలెను. ముదిసి బీటలు వారినదానిపై క్రొత్త బటను అతికించుట పుచ్చిన దూలమునకు రంగు వేయుట వంటిది.

మార్చునపుడు

బరువు దింపి, ట్రాక్టరునకు తగిలించియే, గట్టి సమనేలపై నిలిపి, బ్రేకు వేయవలెను. ఎదుటి చక్రమునకు ముందు వెనుకల రాళ్లు పెట్టవలెను. చక్రము నేలపై నున్నపుడే నట్లను కొంచెము వదులు చేసి, పిమ్మట జాకీని పలకమీద నిలిపి ఇరుసును లేపవలెను. జాకీని మాత్రమే నమ్మక ఇరుసుక్రింద బలమైన దిమ్మను చేర్చవలెను. రిమ్మునుండి టైరు విప్పుటకు ముందు వాల్వు పిన్నును తీసి గాలినంతయు పోనీయవలెను. రింగు బిగించు రిమ్ములకు గాలి కొట్టునపుడు రింగు కెదురుగా ఎవరును నిలువరాదు. అది యెగిరి తగిలినచో ప్రాణాపాయము. టైరున్న రిమ్మునకు వెల్డింగు ఎన్నటికిని చేయింపరాదు. లోపలి వాయువులు వేడికి మండి టైరు బాంబువలె ప్రేలగలదు.

నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగింపవలెను. 50 మొదలు 80 కిలోమీటర్లు నడచిన పిదప మరల బిగించి చూడవలెను. చక్రము విప్పినపుడే బేరింగులకు క్రొత్త గ్రీజు పెట్టించినచో రెండు పనులొకసారి తీరును.

నిలువ యుంచునపుడు

పని లేని నెలలలో ట్రక్కును ఖాళీ చేసి, ఇరుసులక్రింద దిమ్మలు పెట్టి, టైర్లమీద ఎండ పడకుండ గోనెపట్టాలు కప్పవలెను. డీజిలు, నూనె, గ్రీజు రబ్బరునకు శత్రువులు. తీసివేసిన టైర్లను దొడ్డిలో పడవేయరాదు. వాననీరు నిలిచి డెంగీ దోమలు పెరుగును. కాల్చుట అంతకంటె కీడు. ఆ పొగ విషము. 2022వ సంవత్సరమున కేంద్రప్రభుత్వము ప్రకటించిన నియమములు పాత టైర్ల పునర్వినియోగ బాధ్యతను తయారీదారులపైనను దిగుమతిదారులపైనను ఉంచినవి. కావున క్రొత్తవి కొనునపుడే పాతవానిని దుకాణమునకు అప్పగించుట మంచి పద్ధతి.

సంఘము చేయదగినది

గాలి మీటరు ఒకటి సంఘ కార్యాలయమున నున్నచో గ్రామములోని ట్రక్కులన్నిటికి చాలును. పలువురు సభ్యులు ఒకే కొలత టైర్లు కొనదలచినపుడు కలిసి బేరమాడినచో ధర తగ్గును. తయారీ తేదీ చూచి క్రొత్తవానినే కోరుటకును బలముండును. బిల్లుపై టైరు సంఖ్యను వ్రాయించుకొనుట మరువరాదు.

టైరునకు పెట్టు సొమ్ము ఎక్కువయని వెనుదీయువారు, గట్టు మీద ట్రక్కు తిరుగబడిననాటి నష్టమును కూడ లెక్కలో చేర్చి చూడవలెను. చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొని ప్రయోజనము లేదు. కోతలకు ముందే ఒక పూట తీరిక చేసికొని, ప్రతి సభ్యుడును తన ట్రక్కు టైర్లపై నున్న నాలుగంకెలను చదువుకొనుగాక.