మిల్లు ఎన్నుకొనిన విద్యుత్తు

అనంతపురము జిల్లాలోని గాలిమరలనుండి విద్యుత్తును కొనుటకై గుంటూరు ప్రాంతమందలి యొక నూలుమిల్లు ఒడంబడిక చేసికొనినచో, ఆ మరలయందు పుట్టిన ప్రవాహమే తీగలవెంట నడచివచ్చి మిల్లు కదుళ్లను త్రిప్పునని మనము తలతుము. కాని నిరోధము తక్కువగనున్న దారుల నెక్కువగను, ఎక్కువగనున్న దారుల తక్కువగను పంచుకొనిపోవుటయే యెరిగిన ప్రవాహమునకు క్రయపత్రములతో పనిలేదు. మిల్లున కందునది చేరువనున్న బొగ్గు కేంద్రపు శక్తియే కావచ్చును. పలు వాగులు కలిసిన చెరువునుండి ఒక తూమున పారెడి నీరు ఏ వాగుదో చెప్పలేకున్నను, వాగు పోసినదెంతయో తూము తీసినదెంతయో కొలువవచ్చును గదా. సరఫరాదారును ఎన్నుకొను స్వాతంత్ర్యమంతయు ఆ కొలతమీదనే నిలిచియున్నది.

అయితే చెరువునకున్న నిలువ విద్యుత్ గ్రిడ్డునకు లేదు. ఉత్పత్తికిని వినియోగమునకును సమత్వము తప్పిన మరుక్షణముననే, సెకనుకు 50 ఆవర్తనములుగ నుండవలసిన పౌనఃపున్యము చలించును. అందువలన దినమును 15 నిమిషముల చొప్పున 96 భాగములుగ విభజించి, ప్రతి భాగమునందును గాలిమర యెంత పంపునో మిల్లెంత తీసికొనునో ముందుగనే గ్రిడ్డును నడుపు లోడ్ డిస్పాచ్ కేంద్రమునకు తెలిపి, పిమ్మట మీటర్ల లెక్కతో సరిచూచి, తీగలు వేడెక్కుటచే మార్గమధ్యమున నష్టమైనదానిని తీసివేసి, మిగిలినదానినే మిల్లు ఖాతాకు జమకట్టుదురు.

బ్రిటనులో 1990లో ఒక మెగావాటుకు మించిన వాడుకదారులకును, 1994లో 100 కిలోవాట్లకు మించినవారికిని సరఫరాదారును ఎన్నుకొను హక్కు లభించెను. మన దేశమున 2003 విద్యుత్ చట్టము ‘ఓపెన్ యాక్సెస్’ అను పేర దీనికి ద్వారము తెరచెను. ఇచ్చట నుండిన ఒక మెగావాటు హద్దును పునరుత్పాదక శక్తి విషయమున 2022 నియమములు 100 కిలోవాట్లకు దించినవి.

ఇట్లు కొనువారు చెల్లించు తీగల బాడుగయగు వీలింగు చార్జీ పెక్కుమందికి సమ్మతమే. ముఖ్య వివాదము క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జిమీదనే. పరిశ్రమలనుండి ఖర్చుకు మించిన ధర గైకొని, ఆ హెచ్చుతో పేదయింటి దీపమునకును పొలములోని మోటారునకును తక్కువ ధరకు శక్తి నిచ్చుట చిరకాలపు ఏర్పాటు. పెద్ద వాడుకదారు వెడలిపోయినచో ఆ భారము ఎవరి తలపై పడునన్న ప్రశ్నకు చట్టము చెప్పిన సమాధానమే ఈ సుంకము. దీనిని క్రమక్రమముగ తగ్గింపవలెననియు ఆ చట్టమే శాసించినది. రైతుకు చేయు సాయము ప్రభుత్వపు బడ్జెటునుండి బాహాటముగ రావలెనే గాని మిల్లు బిల్లులో దాగియుండరాదని నా దృఢాభిప్రాయము. స్వంత విద్యుత్కేంద్రమున్నవారికి ఈ సుంకము లేదు. కావున పలువురు కలసి ఒక కేంద్రమున 26 శాతము వాటా కొని, దాని యుత్పత్తిలో 51 శాతమునకు తక్కువ కాకుండ తామే వాడుకొని, ఈ మినహాయింపును పొందుచున్నారు. ఆ పెట్టుబడి లేని చిన్న కర్మాగారమునకు మాత్రము భారము తప్పదు.

గాలిమరల విద్యుత్తును కొన్నంతమాత్రమున స్థానిక పంపిణీ సంస్థయగు డిస్కముతో మిల్లునకు తెగతెంపులు కావు. మన గాలిమరలు నైరుతి ఋతుపవన మాసములలో విరివిగ తిరిగి, తక్కిన కాలమున మందగించును. అప్పుడు మిల్లు మరల డిస్కము గుమ్మమే త్రొక్కవలెను. మిల్లు వెలుపల కొన్న దినములలోను, డిస్కము తాను పూర్వము ఒప్పందము చేసికొనిన కేంద్రములకు స్థిరవ్యయము చెల్లించుచునే యుండును. దానిని రాబట్టుటకై విధించునదే అదనపు సర్‌ఛార్జి. అది న్యాయమైనదే. కాని ఏ వేళ ఎన్ని మెగావాట్లు ఊరక నిలిచినవో ఆ 96 భాగముల లెక్కలోనే తేటపడుచుండగా, డిస్కములు విద్యుత్ నియంత్రణ మండలి యెదుట ఆ లెక్కను భాగము భాగముగ విప్పి చూపిన పిదపనే సుంకమును కోరవలెను.