ఏడుపు వినిపించని బిడ్డ

“రాత్రిపూట ఏడ్చినా వినపడదండి డాక్టరు గారూ. ఇంక నేను కన్నెలా మూసేదండి?”

కైకలూరు వైపు లంక గ్రామం నుంచి వచ్చిన ఒక తల్లి అడిగిన ప్రశ్న ఇది. ఏడాదిన్నర బిడ్డ. నెలలు నిండకుండా పుట్టి చాలాకాలం వెంటిలేటరు మీద ఉండటంతో, స్వరపేటిక కింద శ్వాసనాళం ఇరుకైపోయింది. అందుచేత మెడ ముందు భాగాన చిన్న రంధ్రం చేసి గొట్టం అమర్చారు. దీనినే ట్రెకియాస్టమీ అంటారు. ఊపిరి ఆ గొట్టం ద్వారానే వచ్చిపోతుంది. గాలి స్వరపేటికను తాకదు గనుక ఏడ్చినా చప్పుడు రాదు.

ఒకప్పుడు ఈ ఆపరేషను పేరు చెబితే కంఠసర్పి, అంటే డిఫ్తీరియా, గుర్తుకు వచ్చేది. టీకాల పుణ్యమా అని అది బాగా తగ్గింది. 6, 10, 14 వారాలకు వేసే పెంటావలెంట్ టీకానూ, తరువాతి బూస్టర్లనూ మానకండి. ఇంకొక మాట. గొట్టం అంటువ్యాధి కాదు. ఇరుగుపొరుగు పిల్లల్ని దూరంగా లాక్కోనక్కర లేదు.

ఇక ఆ తల్లి ప్రశ్నకు వద్దాం. బిడ్డ కాళ్ళకు మువ్వల పట్టీలు కట్టమన్నాను. కాలు ఆడిస్తే మీకు మెలకువ వస్తుంది. అయితే మువ్వలు కాపలా కావు సుమా! ఊపిరాడని బిడ్డ కదలకుండా పడి ఉండవచ్చు. రాత్రి చేతికందే దూరంలోనే పడుకోబెట్టుకోండి. రక్తంలో ప్రాణవాయువు తగ్గితే మోగే యంత్రం మీ బిడ్డకు అవసరమేమో మీ డాక్టరును అడగండి. ఇంట్లో పెద్దలు వంతులు వేసుకోవాలి. తల్లి ఒక్కతే నెలల తరబడి మేలుకొని ఉండటం అయ్యే పని కాదు. కనీసం ఇద్దరు ఈ పని నేర్చుకున్నాకనే ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్ళండి. తండ్రి “నాకు చేతకాదు” అంటే నేను ఒప్పుకోను.

అసలు ప్రమాదం కఫం ఎండి గొట్టం పూడుకుపోవడం. మనం పీల్చే గాలిని ముక్కు తడిపి, వెచ్చచేసి లోపలికి పంపుతుంది. ఈ బిడ్డకు ఆ వసతి లేదు. అందుకే గొట్టం మూతికి తేమను పట్టి ఉంచే చిన్న ఫిల్టరు తగిలిస్తారు. కఫం అంటుకుంటే దానిని మార్చాలి, కడిగి వాడకూడదు. దూదిగాని, పోగులు లేచే గుడ్డగాని అక్కడ పెట్టవద్దు.

గురగుర శబ్దం వచ్చినా, బిడ్డ కంగారుపడినా సక్షన్ చెయ్యాలి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. గొట్టం నంబరు 4 అయితే సక్షన్ పైపు 8 దాటకూడదు. గొట్టం పొడవెంతో ఆసుపత్రిలోనే కొలిపించుకొని, అంతవరకే పైపు దించండి. ఇంకా లోతుకు నెడితే లోపలి పొర గీసుకొని రక్తం వస్తుంది. ఒక్కొక్కసారి అయిదు నుంచి పది సెకన్లు, అంతే. మీరూ ఊపిరి బిగబట్టి చూడండి, ఎంతసేపు ఆగాలో మీకే తెలుస్తుంది. గాలివానకు కరెంటు పోవడం మనకు కొత్త కాదు. బ్యాటరీ యంత్రంతోపాటు కాలితో తొక్కే పంపు కూడా ఇంట్లో ఉంచుకోండి.

మెడ పట్టీ కింద ఒక వేలు దూరేటంత బిగువు చాలు. పట్టీ మార్చేటప్పుడు ఒకరు గొట్టాన్ని కదలకుండా పట్టుకోవాలి. దిష్టి తాళ్ళు, గొలుసులు మెడలో వద్దు. కావాలంటే మొలకు కట్టుకోండి.

మన ఇళ్ళలో పసిబిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టి తలమీంచి నీళ్ళు పోసి, ఆనక సాంబ్రాణి పొగ వేస్తారు. ఈ బిడ్డకు రెండూ పనికిరావు. నడుము వరకు ఆనే కొద్దిపాటి నీళ్ళలో కూర్చోబెట్టి, మెడ పైభాగాన్ని తడిగుడ్డతో తుడవండి. గొట్టంలోకి పోయిన నీరు నేరుగా ఊపిరితిత్తుల్లోకే పోతుంది. చేపల చెరువుల గట్ల మీద ఇళ్ళున్నవారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి. దోమల చక్రం పొగ వద్దు, దోమతెర కట్టండి. పౌడరు చల్లవద్దు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టులోనో, రైసుమిల్లులోనో పనిచేసి వచ్చిన తండ్రి బట్టలు మార్చుకున్నాకే బిడ్డను ఎత్తుకోవాలి. ఆ పొట్టు, ఆ దుమ్ము పెద్దవాళ్ళకే దగ్గు తెప్పిస్తాయి.

డాక్టరు వద్దనకపోతే పప్పన్నం నోటితోనే పెట్టవచ్చు. తిన్న తిండి రంగు గొట్టంలో కనిపిస్తే పెట్టడం ఆపి ఆసుపత్రికి తీసుకురండి. కఫం పచ్చబడి కంపుకొట్టినా, జ్వరం వచ్చినా అంతే. ఎర్రటి రక్తం ధారగా వస్తే క్షణం ఆలస్యం చెయ్యకండి.

ఒక సంచీ ఎప్పుడూ బిడ్డ వెంటే ఉండాలి. అందులో అదే సైజు గొట్టం ఒకటి, దానికంటే ఒక సైజు చిన్నది ఒకటి, పట్టీలు, కత్తెర, సక్షన్ పైపులు. బిడ్డ నీలంగా మారితే ఒకరు 108కి ఫోను చేస్తుండగా ఇంకొకరు సక్షన్ చెయ్యాలి. పైపు దిగకపోతే పట్టీ కత్తిరించి, పాత గొట్టం తీసి కొత్తది పెట్టాలి. అది దిగకపోతే చిన్నది. ఊపిరే లేకపోతే రంధ్రం ద్వారా శ్వాస ఎలా అందించాలో బొమ్మ మీద ముందే నేర్పించుకోండి. చదివి చేసే పని కాదది.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి ఆ నీరంతా కొల్లేటికి చేరినప్పుడు లంక గ్రామాల దారులు మునిగాయి. అంబులెన్సు రాలేని రోజులుంటాయి గనుక వరద కబురు వినగానే బిడ్డతో ఏలూరులోనో మరో ఊళ్ళోనో, ఆసుపత్రికి దగ్గరగా ఉన్న చుట్టాలింటికి చేరండి. నీళ్ళు గుమ్మం తట్టేదాకా ఆగవద్దు.

“ఇది జీవితాంతమాండి?” అని కూడా అడిగిందా తల్లి. చాలామందికి కాదు. బిడ్డ ఎదిగి, ఇరుకు సరిచేశాక తీసేస్తారు. ఈలోగా మాట కోసం కొందరికి ప్రత్యేకమైన వాల్వు పెడతారు, నిద్రలో అది తీసి ఉంచాలి. గొట్టాన్ని వేలితో మూసి ఇంట్లో పరీక్షించకండి. తీసిన తరువాత ఆ రంధ్రం చాలామందికి దానంతటదే పూడుతుంది, కొందరికి చిన్న ఆపరేషనుతో మూయాలి.