అపరిచితుల దుఃఖం - స్థానిక మర్యాద

చిన్న పట్టణపు బజారు వీధిలో శవయాత్ర వస్తుంది. ముందు డప్పు, వెనుక బంధువులు. దారిన పోయేవాడు బండి దిగి పక్కన నిలబడతాడు. కొట్టు యజమాని పాట ఆపి, తలుపు ఓరగా వేసి, చెప్పులు విడిచి గడప ముందుకు వస్తాడు. పోయిన మనిషి ఎవరో వారిలో చాలా మందికి తెలియదు. ఆ వరుసలో ముస్లిం కొట్టు కూడా ఉన్నప్పుడు, అతడు లేచి నిలబడాలా, కూర్చునే ఉండాలా? లేస్తే పరుల మతాచారాన్ని అనుకరించినట్లవుతుందని కొందరు జంకుతారు. కూర్చుంటే ఇరుగుపొరుగు దానిని ధర్మనిష్ఠ అనుకోరు, మొరటుతనమే అనుకుంటారు.

ఈ ప్రశ్న కొత్తది కాదు. ఇరాక్‌లోని ఖాదిసియ్యాలో హజ్రత్ సహ్ల్ బిన్ హునైఫ్, హజ్రత్ ఖైస్ బిన్ సఅద్ (రజి) కూర్చుని ఉండగా ఒక జనాజా అటు వచ్చింది. ఇద్దరూ లేచి నిలబడ్డారు. అది ముస్లిం జనాజా కాదని పక్కవారు గుర్తు చేశారు. అప్పుడు వారు దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) ఎదుట జరిగిన సంఘటన చెప్పారు. ఒక జనాజా రాగా ఆయన లేచి నిలబడ్డారు. అది యూదునిదని సహచరులు అన్నారు. అదీ ఒక ప్రాణమే కదా అనే అర్థం వచ్చేలా ఆయన ఎదురు ప్రశ్న వేశారు. సహీహ్ బుఖారీలోని ఈ ఉల్లేఖనంలో చనిపోయిన వ్యక్తిని గురించి వాడిన అరబ్బీ మాట 'అహ్లుల్ అర్ద్'. 'జిమ్మీ' అని దానికి అక్కడే వివరణ ఉంది గాని, మాటకు మాటగా చూస్తే 'ఆ నేల మనుషులు' అని అర్థం. బయటి నుండి వచ్చిన ఇద్దరు అరబ్బులు ఆ నేల మనుషుల్లో ఒకరి మరణానికి లేచారన్నమాట!

అయితే హజ్రత్ అలీ (రజి) ఉల్లేఖనం ప్రకారం దైవప్రవక్త (స) మొదట నిలబడేవారు, తరువాత కూర్చున్నారు. దీనిని ఆధారంగా తీసుకొని హనఫీలు, మరెందరో ధర్మవేత్తలు నిలబడే ఆదేశం రద్దయిందన్నారు. ఇమామ్ నవవీ అలా భావించలేదు. కూర్చోవటం అనుమతిని తెలుపుతుందనీ, లేవటం అభిలషణీయంగానే మిగిలిందనీ ఆయన అభిప్రాయం. గమనించవలసిందేమిటంటే, ఈ చర్చ అంతా లేచే చర్య ఒక షరీఅత్ ఆదేశంగా నిలిచి ఉందా లేదా అన్న దాని గురించే. దుఃఖంలో ఉన్నవారిని ఉపేక్షించవచ్చని ఏ పక్షమూ అనలేదు.

ఇక స్థానిక ఆచారం మాట. ప్రజల వాడుకను (ఉర్ఫ్) ఫిఖ్హ్ లెక్కలోకి తీసుకుంటుంది. ఉస్మానీయుల కాలంలో 1869-1876 మధ్య కూర్చిన 'మజల్లా' దీనిని ఒక మూలసూత్రంగానే చేర్చింది. షరీఅత్‌కు విరుద్ధం కాని వాడుకకే ఆ విలువ. కనుక ఇక్కడ విడదీసి చూడాలి. బండి ఆపటం, దారి ఇవ్వటం, చెప్పులు విడిచి మౌనంగా నిలబడటం మర్యాదలు. వీటిలో ఆరాధన లేదు. శవానికి దండం పెట్టటం, కర్మకాండలో పాలుపంచుకోవటం మతక్రియలు. అక్కడ ముస్లిం ఆగిపోతాడు. ఆగినందుకు తెలుగునాట సాధారణంగా ఎవరూ తప్పు పట్టరు కూడా.

పరామర్శకు వెళ్లటం విషయంలో హంబలీ ధర్మవేత్తలలో భేదాభిప్రాయం ఉంది. హనఫీ మార్గం స్పష్టమే. ఇమామ్ అబూ యూసుఫ్ తన 'కితాబుల్ ఖరాజ్'లో, యూదుని లేదా క్రైస్తవుని ఇంట మరణం సంభవిస్తే ఓదార్చే తీరును ఇమామ్ అబూ హనీఫా (రహ్) చెప్పినట్లు రాశారు. సృష్టిలో అందరికీ మరణం రాసి ఉందని గుర్తు చేసి, సహనం వహించమని చెప్పటం దాని సారాంశం. తన సభలకు వచ్చే ఒక క్రైస్తవుడు చనిపోతే హసన్ బస్రీ (రహ్) అతని సోదరుణ్ణి పరామర్శించారని కూడా అందులోనే ఉంది. ఓదార్పు వేరు, ముస్లిమేతర మృతునికై మన్నింపు వేడుకోవటం వేరు. రెండవదానిని దివ్య ఖుర్ఆన్ (9:113) వారించింది.

అన్నం విషయంలో రెండు మర్యాదలూ ఒకటే కావటం విశేషం. హిజ్రీ 8వ ఏట (629) మూతా యుద్ధంలో హజ్రత్ జాఫర్ (రజి) అమరులైన వార్త రాగా, ఆయన ఇంటివారికి వండి పంపమని దైవప్రవక్త (స) చెప్పారు. తెలుగు ఇళ్లలోనూ శవం కదిలే దాకా పొయ్యి వెలిగించరు, ఇరుగుపొరుగే వండి తెస్తారు. విచారించదగిన సంగతి, మన ఇళ్లలోనే కొన్నిచోట్ల ఇది తలకిందులై, ఏడ్చేవారే వచ్చినవారికి విందు పెట్టవలసి వస్తున్నది. అటువంటి భోజనాన్ని సహాబా నియాహా (శోకాలు పెట్టటం) కింద లెక్కించేవారని హజ్రత్ జరీర్ (రజి) ఉల్లేఖనం ఉంది.

పొరుగింటికి వెళ్లే ముస్లిం మరొక్కటి తెలుసుకొని ఉంటే మంచిది. మామూలు రోజుల్లో 'వెళ్లొస్తాను' అనకుండా లేవటం తెలుగువారి దృష్టిలో అమర్యాద. చావు ఇంట ఆ మాటే కూడదు, మళ్లీ ఇలాంటి పనికే వస్తానన్నట్లు ధ్వనిస్తుంది. అలవాటు కొద్దీ నోటికి వచ్చే 'ఖుదా హాఫిజ్' కూడా అక్కడ వీడ్కోలుగానే వినిపిస్తుంది. కాసేపు కూర్చుని, చెప్పవలసిన నాలుగు మాటలు చెప్పి, మెల్లగా లేచి రావటమే అక్కడి పద్ధతి.