నీడనిచ్చే చెట్టుకు వైద్యపరీక్ష

2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆనాటి మధ్యాహ్నం హుద్‌హుద్ తుపాను గంటకు 170 నుండి 180 కిలోమీటర్ల వేగం గల గాలులతో విశాఖపట్నం వద్ద తీరం దాటిన సంగతిని మన టౌన్‌షిప్ వాసులెవ్వరూ మరచి ఉండరు. మరునాడు తలుపులు తెరచి చూస్తే నీడలేని వీధులు కనిపించినవి. అంతవరకు మన క్వార్టర్లకు గొడుగు పట్టిన నిద్రగన్నేరు, తురాయి చెట్లు వేళ్ళతో సహా పెకలి ప్రహరీగోడల మీద, స్కూటర్ల మీద, కరెంటు తీగల మీద పడి ఉన్నవి. వాటిని ముక్కలు చేసి దారి తీయడానికే మనకు పది దినాలు పట్టినది.

నాటి నుండి ఏటా తొలకరికి ముందు మన ఎస్టేట్ విభాగానికి రెండు రకాల అర్జీలు వస్తున్నవి. తమ ఇంటి ప్రక్కనున్న చెట్టును తక్షణం కొట్టివేయవలసినదని కొందరు, దాని జోలికి రావలదని మరికొందరు కోరుతున్నారు. ఒక్కొక్కసారి ఆ రెండు అర్జీలూ ఒకే చెట్టును గురించినవి! అర్జీదారులిద్దరి మాటలోనూ న్యాయం కలదు. అయితే ఆ చెట్టును మొదలు నుండి చివర దాకా నిదానంగా పరిశీలించినవారు మాత్రం లేరు.

ఈ చిక్కు తీర్చడానికే గత వేసవిలో అటవీశాస్త్రం అభ్యసించిన ఒక నిపుణుని పిలిపించడం జరిగినది. రెండు దినాలు మేము ఆయన వెంట తిరిగినాము. ఆయన చేతిలో గొడ్డలి లేదు. ఒక కొయ్య సుత్తి, కొలత టేపు, బైనాక్యులర్, సన్నని ఇనుప చువ్వ, ఇంతే సరంజామా. చెట్టును కొట్టి కలప తీసుకొనిపోయే గుత్తేదారును ‘ఇది ప్రమాదకరమా?’ అని అడిగితే ఏ సమాధానం వచ్చునో ఊహించవచ్చును. పరీక్షించేవారు, కొట్టేవారు వేరుగా ఉండవలెనన్నది మేము నేర్చిన మొదటి సంగతి.

ఆయన ముందుగా చూచినది చెట్టును కాదు, అది పడితే దేనిపై పడునో దానిని. జనం తిరుగని ఫెన్సింగ్ మూలన డొల్లపడిన మ్రాను చిలుకలకు నివాసంగా మరి పదేళ్ళు ఉన్నను నష్టం లేదు. స్కూలు బస్సు ఆగే చోటున్న చెట్టుకు చిన్న జబ్బు చేసినను ఉపేక్షించరాదు. ఆ తరువాతనే చెట్టు చుట్టూ ప్రదక్షిణ. మొదలు వద్ద నేల పగిలినదా, బెరడుపై చెవుల వలె పుట్టగొడుగులు లేచినవా, పంగ వద్ద చీలిక ఉన్నదా, ఎండుకొమ్మలు ఏ దిక్కున ఉన్నవి అని చూచి, సుత్తితో మ్రానును తట్టి చెవి యొగ్గి వినడం. ఈ విధమైన పరిశీలనకు 1990వ దశకంలో శాస్త్రరూపం ఇచ్చినవారిలో జర్మనీ దేశపు క్లాస్ మాథెక్ ముఖ్యులు.

ఒక క్వార్టరు పెరటిలోని వేపచెట్టు తొర్రలో మోచేయి వరకు దూరుతున్నది. దానిని కొట్టివేయుమని మూడేళ్ళుగా అర్జీలు వస్తున్నవి. నిపుణుడు తట్టి, కొలిచి, చెట్టు నిలువదగినదే అన్నారు. పైపుల నడుమ పనిచేసే మనకు ఇది సులభంగానే బోధపడవలెను: గొట్టం లోపల ఖాళీ అయినను గోడ దళసరిగా ఉంటే బరువు మోయును. మ్రాను వ్యాసార్ధంలో సుమారు మూడవ వంతు మందం మేర చుట్టూ గట్టి కొయ్య మిగిలి ఉంటే సాధారణంగా భయం లేదని మాథెక్ సూత్రం. తొర్ర ఒక ప్రక్క తెరచుకొన్నను, చెట్టు ఒరిగి ఉన్నను ఆ లెక్క మీద మాత్రమే ఆధారపడరాదని ఆయన హెచ్చరించినారు.

ఆ తొర్రలో పూర్వం ఎవరో సిమెంటు కూరినారు. మంచి ఉద్దేశమే. అయితే అమెరికా అటవీశాఖలో పనిచేసిన అలెక్స్ షిగో వేలాది చెట్లను నిలువునా కోసి చూచి, చెట్టు తన గాయాన్ని మాన్పుకోదని, కుళ్ళిన భాగం చుట్టూ లోపల అడ్డుగోడ కట్టుకొని కొత్త కొయ్యను పెంచుకొంటుందని తేల్చినారు. సిమెంటు కొరకు తొర్రను గోకితే ఆ గోడ కాస్తా పోవును. తుపాను భయంతో చెట్టు తలను మొండిగా నరికించడం కూడ అటువంటిదే. ఆ మొండెం నుండి లేచే కొత్త కొమ్మలకు పట్టు తక్కువ, కొన్నేళ్ళకు అవే విరిగిపడును.

పార్కు ప్రక్కనున్న తురాయి కథ వేరు. మే మాసం, చెట్టు నిండా ఎర్రని పూలు, కొమ్మకు పిల్లల ఉయ్యాల. దానిపై ఒక్క అర్జీ కూడ లేదు. నిపుణుడు మొదలు వద్ద చువ్వ గ్రుచ్చితే జానెడు లోతుకు దిగినది. వేళ్ళలో అధికభాగం పైనున్న రెండడుగుల మట్టిలోనే వ్యాపించునట. రెండేళ్ళ క్రితం కేబుల్ కొరకు మనం త్రవ్వించిన కందకం ఆ చెట్టుకు మూరెడు దూరంలో రోడ్డువైపు వేళ్ళనన్నింటినీ తెగగొట్టినది. రెండవ వైపు పార్కింగ్ టైల్స్ మ్రానును ఒరసుకొని ఉన్నవి. చెట్టు మ్రాను చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తొలగించవలెనని 2013లోనే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఢిల్లీ నగరానికి ఆదేశించినది. ఆ మాట మనం చెవిన పెట్టలేదు.

తొలగించవలెనని నిపుణుడు వ్రాసినారు. ఆ మొక్కను నాటిన తల్లి, విశ్రాంత ఉద్యోగి సతీమణి, ఆ సాయంత్రం ఉయ్యాల ప్రక్కనే కూర్చుని ఉన్నారు. సంగతి విని చాలాసేపు మాట్లాడలేదు. ‘కొట్టించండి నాయనా. కాని నేను మా అబ్బాయి ఊరికి వెళ్ళినప్పుడు కొట్టించండి’ అన్నారు. వాల్టా చట్టం, 2002 క్రింద అనుమతి పొంది, ఆమె ఊరిలో లేని వారంలోనే పని ముగించినాము. కోసిన మొదలులో రోడ్డువైపు చేవ అన్నది లేదు, చేతితో నలిపితే పొడి అయినది.

కొబ్బరిచెట్ల వద్ద ఆయన సుత్తిని ప్రక్కన పెట్టినారు. కొబ్బరి మ్రానుకు గాయాన్ని కప్పే కొత్త కొయ్య పుట్టదు, అందుచేత పాత గాయాలు, మొదలు, మొవ్వు చూడవలెను. 2017 జులైలో ముంబయి చెంబూరులో దారిన పోతున్న ఒక మహిళపై కొబ్బరిచెట్టు కూలి ఆమె మరణించినది. ఆ చెట్టును తొలగించుమని సమీపవాసి ముందే కోరినను అనుమతి లభించలేదని నాటి పత్రికలు వ్రాసినవి. పరీక్ష జరిగినంత మాత్రాన చాలదు, పరీక్షించినది ఎవరు, ఏమి చూచినారు అన్నది కూడ కావలెను.

వేపచెట్టు ఎన్నటికీ పడదని వ్రాసి ఇవ్వవలసినదిగా మన అధికారి ఒకరు కోరినారు. నిపుణుడు నవ్వి, తాను చూచిన తేదీని, చూచిన స్థితిని, మరల చూడవలసిన గడువును మాత్రమే వ్రాసినారు. గడువు ఒక సంవత్సరం, పెద్ద గాలివాన వస్తే ఆ వెంటనే.

ఈలోగా గృహిణులు, పిల్లలు చూడదగినవి కలవు. కొత్తగా ఒరిగిన చెట్టు, మొదలు వద్ద బీటలిచ్చిన నేల, పుట్టగొడుగులు, వ్రేలాడే కొమ్మ కనిపిస్తే ఎస్టేట్ విభాగానికి తెలియజేయగలరు. ఊడ్చిన ఆకులను చెట్టు మొదట్లో తగులబెట్టడం దయచేసి మానగలరు. మన కాలనీలో ఆ అలవాటు చేసిన చేటు తుపాను చేసిన దానికి ఏమంత తీసిపోదని మా అనుమానం.

తురాయి ఉన్న చోట, కేబులుకు దూరంగా, కానుగ మొక్క నాటినాము. ఉయ్యాలను వేపకొమ్మకు కట్టించుమని పిల్లలు అడుగుతున్నారు. నిపుణుడు మరల వచ్చి ఆ కొమ్మను చూచేవరకు ఆగవలసినదిగా చెప్పి ఉన్నాము.